చౌమహల్లా: ఇల్లూ, ఇంటి జమాఖర్చూ

మన ప్రజలు చరిత్రను మూడు చోట్ల నేర్చుకుంటారు: బడిలో పాఠ్యపుస్తకం దగ్గర, ఇంట్లో పెద్దల మాటల్లో, సెలవురోజున పిల్లాపాపలతో చూడబోయే పాత కట్టడాల్లో. మొదటి రెంటిని గురించి అభ్యుదయవాదులు చాలాకాలంగా చర్చిస్తూనే వున్నారు. పాఠాలు ఎవరు రాస్తున్నారు, ఏ వర్గం కోసం రాస్తున్నారు అన్నది మన సభల్లో తరచు లేచే ప్రశ్నే. మూడోదాన్ని మాత్రం వినోదం కింద జమకట్టి వదిలెయ్యడం పరిపాటి అయింది. కాని పరీక్షకోసం చదివిన పాఠం పరీక్షతో పోతుంది. తండ్రి వేలు పట్టుకొని నడుస్తూ చూసిన సింహాసనం మనసులో ముద్రపడి వుండిపోతుంది. అందుచేత పాత ఇళ్ళను ప్రదర్శనశాలలుగా మార్చి చూపే పద్ధతిని విమర్శకుల దృష్టితో పరిశీలించడం అవసరం.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కూతవేటు దూరంలో వున్న చౌమహల్లా ఇందుకు మంచి వుదాహరణ. పద్దెనిమిదో శతాబ్ది నడుమ సలాబత్ జంగ్ కాలంలో ఆరంభమై, 1857–69 మధ్య రాజ్యం చేసిన అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయిన అసఫ్‌జాహీల నివాసమిది. 'చౌ' అంటే నాలుగు. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళ వల్ల ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు 45 ఎకరాల ఆవరణ. నేడు మిగిలింది సుమారు 12 ఎకరాలు. 2000 తర్వాత మరమ్మతులు జరిపి 2005లో జనం చూడటానికి తెరిచారు. నాటినుంచి అది నగరంలోని కుటుంబాలకు ఒకపూట విహారానికి అలవాటైన చోటు. ఆదివారం నాడు టిక్కెట్ల కిటికీ ముందు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఆటో నడిపేవాళ్ళు, జిల్లాలనుంచి బంధువుల ఇంటికి వచ్చినవాళ్ళు అందరూ నిలబడతారు. బురఖా వేసుకున్న తల్లీ, బొట్టు పెట్టుకున్న తల్లీ పక్కపక్కనే పిల్లల్ని అదిలిస్తూ వుంటారు. ఇది మంచి దృశ్యం. ఒకనాడు గుమ్మం తొక్కే అర్హత లేనివాళ్ళ మనుమలు నేడు దర్బారులో చెప్పులతో తిరుగుతున్నారంటే, అది దానికదే ఒక చారిత్రక విజయం.

ఐతే వాళ్ళు చూసేదేమిటి? ఖిల్వత్ మహల్‌లో చలువరాతి గద్దె. పైన పందొమ్మిది బెల్జియం స్ఫటికపు షాండిలియర్లు. గాజు అల్మరాల్లో పింగాణీ పళ్ళేలు, జరీ అంగరఖాలు, కత్తులు, కఠారులు. గోడలమీద నిలువెత్తు చిత్రపటాలు. వాహనశాలలో గుర్రపు బగ్గీలు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకొని, 1911లో తన మరణం మూలాన ఎక్కలేకపోయిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్. ప్రతి వస్తువు పక్కనా చిన్న పలక. దానిమీద వస్తువు పేరు, కాలం, యజమాని పేరు.

షాండిలియర్ల కింద నిలబడిన పిల్లల్లో ఎవడో ఒకడు అడగక మానడు: "ఇన్ని దీపాలు రోజూ ఎవరు వెలిగించేవాళ్ళు నాన్నా?" తండ్రి "పనివాళ్ళురా" అని ముందుకు నడుస్తాడు. తండ్రిని తప్పుపట్టనవసరం లేదు, అతనికి అంతకుమించి చెప్పే పలక అక్కడ లేదు. కాని చరిత్ర ఆరంభం కావలసిన చోటే ఆ ఒక్క మాటతో ఆగిపోయింది. ఎవరా పనివాళ్ళు? వాళ్ళకు కూలి ఎవరిచ్చారు? అసలు ఇచ్చారా? దీపంలో నూనె ఏ వూరిది?

రెండు తప్పు చూపులు

ఈ ఇంటిని చూసే చూపులు ప్రస్తుతం ప్రచారంలో రెండు వున్నాయి. మొదటిది వైభవపు చూపు. సినిమాలూ, యాత్రికుల కోసం వేసే ప్రకటనలూ, పెళ్ళివిందుల ఆర్భాటమూ దీనిని పోషిస్తున్నాయి. దీని దృష్టిలో నిజాములంటే అత్తరు, ముత్యాలు, బిర్యానీ, తెహజీబు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో అమెరికా పత్రిక 'టైమ్' ముఖచిత్రంగా వేసిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ మన నగరంవాడని గర్వపడటం ఈ చూపుకు పరాకాష్ఠ. 

రెండోది మతపు చూపు. దీని దృష్టిలో ఈ ఇల్లు పరాయి మతస్థుడైన రాజు హిందూ ప్రజలమీద చేసిన పెత్తనానికి గుర్తు. తెలంగాణా ప్రజల పోరాటం మొత్తాన్ని ఒక మతం ఇంకొక మతం మీద సాధించిన గెలుపుగా మార్చి చెప్పడం దీని పని. 

పైకి ఇవి బద్ధవిరోధులు. ఒకటి హారతి పడుతుంది, ఇంకొకటి రాయి విసురుతుంది. కాని రెంటికీ ఒక లక్షణం సమానం: రెండూ రాజునే చూస్తాయి, రాజును మోసినవాళ్ళను చూడవు. రాజుగారి అభిరుచి ఒకదానికి చాలు, రాజుగారి మతం ఇంకొకదానికి చాలు. ఇంటి జమాఖర్చుల చిట్టా విప్పాలన్న కోరిక రెంటికీ లేదు. ఆ చిట్టా విప్పిన క్షణంలో రెండూ ఎందుకు కూలిపోతాయో చూద్దాం.

జమ

పూర్వపు హైదరాబాదు సంస్థానం 82 వేల చదరపు మైళ్ళ పైబడిన దేశం. 1941 లెక్కల్లో జనాభా ఒక కోటి 63 లక్షలు. భూమిని మూడు రకాలుగా పంచుకున్నారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణా పోరాటాన్ని గురించి 1972లో వెలువరించిన గ్రంథంలో ఇచ్చిన లెక్క ప్రకారం నూటికి 60 వంతులు సర్కారు శిస్తు కట్టే దివానీ లేక ఖాల్సా భూమి. 30 వంతులు జాగీరుదార్ల కింద. మిగిలిన 10 వంతులు సర్ఫ్-ఎ-ఖాస్. 

ఈ మూడోమాటను పిల్లలకు తప్పక చెప్పాలి. సర్ఫ్-ఎ-ఖాస్ అంటే రాజుగారి సొంత ఖర్చు. రాజ్యంలో పదో వంతు భూమి, అందులోని వూళ్ళూ చెరువులూ మనుషులతో సహా, ఒక కుటుంబం ఇంటిఖర్చు కింద రాసివుంది. హైదరాబాదు నగరాన్ని చుట్టుకొని వున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఈ కోవలోదే. దీనినుంచి ఏటా రెండు కోట్ల రూపాయలు నిజాముకు ముట్టేవనీ, ఇదిగాక రాజ్యపు ఖజానానుంచి మరో 70 లక్షలు తీసుకొనేవాడనీ సుందరయ్యగారు లెక్కగట్టారు. కాబట్టి కుర్రవాడి ప్రశ్నకు మొదటి జవాబు దూరాన లేదు. నగరం పొలిమేర దాటగానే కనిపించే పల్లెల్లో జొన్నా సజ్జా పండించిన రైతు ఆ దీపంలో నూనె పోశాడు. ఆదివారం నాడు ఆ మహల్ చూడటానికి బస్సెక్కి వచ్చిన కుటుంబాల్లో ఆ రైతు మనుమలు ఎందరో వుండివుంటారు. తాతగారి జమ అక్కడ వేలాడుతున్నదని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

జాగీర్ల సంగతి ఇంతకన్నా అన్యాయం. దివానీ ప్రాంతంలో కొలతో, పట్టాయో, అప్పీలుకు ఒక కచ్చేరీయో వుండేది. జాగీరులో జాగీరుదారు మాటే శాసనం. పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత న్యాయస్థానాలు కూడా వుండేవి. శిస్తు కాక పెళ్ళికో పన్ను, చావుకో పన్ను, పండుగకో నజరానా. 

ఇక్కడ మతపు చూపు మొదటిసారి తబ్బిబ్బవుతుంది. ఎందుకంటే ఈ పెత్తందార్లందరూ ఒక మతంవారు కారు. పాయిగా నవాబుల సరసనే మహారాజా కిషన్ పర్షాద్ వున్నాడు; గద్వాల, వనపర్తి సంస్థానాధీశులు వున్నారు. ఇక వూళ్ళలో రైతు గొంతుమీద కాలుపెట్టి నిలబడ్డ దేశ్‌ముఖులు, పటేళ్ళు, పట్వారీలు ఎక్కువమంది హిందూ అగ్రవర్ణాలవారే. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలు సంస్కరించి, పాత వసూలుదార్లయిన దేశ్‌ముఖులకు వతనులూ రుసుములూ ఏర్పాటు చేశాడు. రికార్డులు వాళ్ళ చేతిలోనే వుండటంతో రైతుల భూములు వాళ్ళ పేర ఎక్కడం సులువైంది. విసునూరు దేశ్‌ముఖు కింద 40 వేల ఎకరాలు, సూర్యాపేట తాలూకాలో జెన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షా యాభై వేల ఎకరాలు పోగుపడ్డాయంటే అది ఏ మతధర్మం వల్లా కాదు. మహల్‌కు గడీ కావాలి, గడీకి మహల్ అండ కావాలి. ఒకరికొకరు కావలసినవాళ్ళ మధ్య మతం అడ్డురాలేదు.

వూళ్ళో వున్న మహల్

చౌమహల్లా అర్థం కావాలంటే గడీని చూడాలి. గడీ అంటే కోటగోడల మధ్య దొర ఇల్లు. హైదరాబాదు మహల్‌లోని నౌకర్ల పేర్లు మనకు అందకపోవచ్చు. గడీలో పనిచేసినవాళ్ళ కులవృత్తులు మాత్రం తెలంగాణా పల్లెల్లో ఈనాటికీ ముసలివాళ్ళ నోట వినబడతాయి. 

వెట్టిచాకిరీ అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తాం. దాని పనులు విడివిడిగా చెప్పుకొంటే గాని బరువు తెలియదు. మాల మాదిగ గూడేల్లో ఇంటికొక మనిషి దొర ఇంటికీ, పటేలు పట్వారీల ఇళ్ళకూ కూలి లేకుండా చాకిరీకి పోవాలి. కట్టెలు కొట్టాలి, తాలూకా కచ్చేరీకి కాగితాలు మొయ్యాలి, చావడి కాపలా కాయాలి. మాదిగ చెప్పులూ మోట తోళ్ళూ ఊరికే కుట్టి ఇవ్వాలి. చాకలి బట్టలు వుతకాలి. కుమ్మరి కుండలు చెయ్యాలి, అధికారులు మకాం వేస్తే వంటచెరకూ నీళ్ళూ చేరవెయ్యాలి. గొల్ల గొర్రెలు తోలాలి. గౌడు దొరకు కల్లు పొయ్యడానికి కొన్ని చెట్లు విడిచిపెట్టాలి. సాలె బట్ట నెయ్యాలి. కోమటి సరుకు పంపాలి. అంటే దొర ఇంట్లో తిండి, బట్ట, కుండ, చెప్పు, కట్టె, నీళ్ళు ఏదీ కొన్నది కాదు. ఇంటిని నడపడానికి డబ్బు ఖర్చుకాని ఇల్లు ప్రపంచంలో ఎక్కడైనా వున్నదా అంటే, ఉన్నది. ఇక్కడే వున్నది. ఖర్చు లేకపోలేదు, దానిని వూరు భరించింది.

వీటన్నిటికన్న హీనమైనది ఆడబాప పద్ధతి. దొర కూతురికి పెళ్ళిచేసి అత్తవారింటికి పంపేటప్పుడు సారెతోపాటు పేదింటి పిల్లల్ని కూడా పంపేవారు. చాకిరీకి చాకిరీ, దొర కామానికి బలి. దాశరథి రంగాచార్యగారి 'చిల్లర దేవుళ్ళు' ఈ నరకాన్ని లోకానికి చూపింది. వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' గడీ నీడలో బతికిన వూరిని చూపింది. పెళ్ళికూతురి పట్టుచీర ఏదో ఒకనాడు గాజు అల్మరాలోకి ఎక్కుతుంది. ఆ చీరతోపాటు సారెగా వెళ్ళిన పిల్లకు పలక కూడా వుండదు. ఇంటిచరిత్ర అంటే ఆడవాళ్ళ చరిత్ర అని ఒప్పుకొనేవాళ్ళు ఈ పిల్లతో మొదలుపెట్టాలి.

ఇళ్ళ గురించి మాట్లాడుతున్నాం కనుక మరో ఇంటిని కూడా తలుచుకోవాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమినీ, చేనుమీది పంటనూ కాజెయ్యాలని విసునూరు దేశ్‌ముఖు ప్రయత్నిస్తే, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. తర్వాత దొర మనుషులు ఆ ఇంటిని తగలబెట్టారు. 1946 జూలై 4న కడివెండిలో వూరేగింపు గడీ దగ్గరికి వచ్చినప్పుడు దొర గూండాలు కాల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య కూలిపోయాడు. తెలంగాణా సాయుధ పోరాటం ఆ శవయాత్రనుంచి లేచింది. తగలబడిన ఇల్లు ప్రదర్శనశాల కాదు. నిలిచిన ఇళ్ళు మాత్రమే చరిత్రగా చెలామణీ అవుతాయి. ఏ ఇళ్ళు ఎందుకు నిలిచాయి, ఏ ఇళ్ళు ఎందుకు లేకుండాపోయాయి అన్నది కూడా చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న. 

ఒక ఆక్షేపణ

"ఐతే ఆనకట్టలు కట్టలేదా? ఆసుపత్రి కట్టలేదా? విశ్వవిద్యాలయం పెట్టలేదా?" అని వైభవపు చూపువాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దాటవెయ్యకూడదు. 1908 మూసీ వరద తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1925లో తెరిచిన ఉస్మానియా ఆసుపత్రి, 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రజలకు వుపయోగపడ్డాయి. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం ఆ కాలానికి సాహసమే. ఆ భాష ఉర్దూ కావడమూ, సంస్థానంలో నూటికి సుమారు 48 మంది మాట్లాడే తెలుగుకు చదువులో చోటు లేకపోవడమూ అంతే నిజం. 

కాని ఇక్కడ ఖాతాలు కలిపెయ్యకూడదు. ఆనకట్టా ఆసుపత్రీ దివానీ ఖజానానుంచి, అంటే ప్రజల పన్నునుంచి వచ్చాయి. సర్ఫ్-ఎ-ఖాస్ ఆదాయం మహల్‌కు పోయింది. ప్రజల డబ్బుతో ప్రజలకు కట్టినదానిని రాజుగారి దానం కింద రాయడం, రాజుగారి సొంత ఖర్చు కోసం గుంజినదానిని లెక్కలోకే తేకపోవడం దొంగలెక్క. సాగునీరు పారినచోట లాభం ఎవరికి చేరింది, కౌలుదారుకా పట్టాదారుకా అన్నది తర్వాతి ప్రశ్న.

పైగా మహల్ అందాన్ని మనం నిరాకరించడం లేదు. ఆ కమానులమీద గచ్చుపనిని చూసిన ఏ మనిషికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మొక్కవలసింది గచ్చు మెత్తిన చేతులకు. షాండిలియర్లు బెల్జియంనుంచి దిగాయిగాని, సున్నం నానబెట్టి, నూరి, ఆ లతలూ పూలూ తీర్చినవారు ఇక్కడి పనివారే. భూస్వామ్యం కళను పుట్టించలేదు, కళాకారుణ్ణి కొలువులో పెట్టుకొంది. మహాద్వారం మీది గడియారం తరతరాలుగా తిరుగుతున్నదంటే, దానికి వారంవారం చావి తిప్పే చెయ్యి ఒకటి వుండబట్టే. "ఇదంతా దోపిడీ సొమ్ము, చూడనవసరం లేదు" అనే మిత్రులు ఈ శ్రమను కూడా దొరకే ధారపోస్తున్నారు. అది అభ్యుదయం కాదు. దోచినవాడి పేరునే ఆస్తి మొత్తాన్ని రాసివ్వడం.

ఖాతా ఎలా ముగిసింది

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పాఠ్యపుస్తకం అక్కడ పేజీ తిప్పుతుంది. చిట్టా మాత్రం ఇంకా ముగియలేదు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్‌ను దివానీలో కలిపారు. ఆ యేడే ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. రెండూ మంచి పనులే. కాని 1950లో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఏటా 50 లక్షలు రాజభరణం, పోయిన సర్ఫ్-ఎ-ఖాస్‌కు బదులు 25 లక్షలు, మహళ్ళ పోషణకు మరో 25 లక్షలు, మొత్తం కోటి రూపాయలు నిజాముకు ఏర్పాటయ్యాయి. అదే సంవత్సరం జనవరి 26నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆయనే రాజప్రముఖ్. రాజభరణాలు రాజ్యాంగ సవరణతో 1971లో గాని రద్దుకాలేదు. ఆ తర్వాత కూడా, 1995లో నిజాం నగలను కేంద్ర ప్రభుత్వం సుమారు 218 కోట్లకు కొన్నది. అంటే రైతు ఒకసారి శిస్తుగా కట్టాడు, అతని కొడుకు పరిహారంగా కట్టాడు, మనుమడు నగల ఖరీదుగా కట్టాడు. ముని మనుమడు టిక్కెట్టు కొంటున్నాడు.

అదే కాలంలో రెండో వైపు ఏం జరిగింది? గడీలు వదిలి పారిపోయిన దేశ్‌ముఖులు సైన్యం వెంట తిరిగి వూళ్ళలో దిగారు. పంచుకున్న భూములు లాక్కోవడానికి కాల్పులు సాగాయి. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించేనాటికి నాలుగువేల మంది ప్రాణాలర్పించారని సుందరయ్యగారి లెక్క. 

ఇంకొక లెక్కను కూడా మనం దాచకూడదు. సైనిక చర్య రోజుల్లోనూ ఆ తర్వాతా ముస్లిములమీద జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, మృతులు కనీసం 27 వేలనుంచి 40 వేలదాకా వుంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. దానికి ముందు రజాకార్ల చేతిలో చచ్చినవారిలో హిందూ రైతులతోపాటు, భారతదేశంలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టు 22న హతుడైన పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ కూడా వున్నాడు. 

ఇప్పుడు మతపు చూపును నిలదీయవచ్చు. ఒక మతం రాజ్యమే అయితే రాజుకు కోటి రూపాయలూ రాజప్రముఖ పదవీ దక్కి, అతని మతానికే చెందిన పల్లెటూరి దూదేకులవాడికీ నేతగాడికీ గోరీ ఎందుకు దక్కింది? ఒక మతం విముక్తే అయితే హిందువైన దొర తిరిగివచ్చి హిందువైన పాలేరు భూమిని ఎందుకు లాక్కున్నాడు? విసునూరు దొరమీద న్యాయంకోసం కచ్చేరీల చుట్టూ తిరిగి, సాయుధ పోరాటానికి ముందే దొర మనుషుల చేతిలో ప్రాణాలు విడిచిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ఏ పక్షం? నిజాం ప్రభుత్వానికి ఎదురునిలిచి జైళ్ళపాలైన ఉర్దూ కవి, కార్మికనాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఏ పక్షం? ఈ ప్రశ్నలకు మతపు చూపు దగ్గర జవాబు లేదు. జమాఖర్చుల చిట్టా దగ్గర వుంది.

మన కర్తవ్యం

కాబట్టి చౌమహల్లాకు వెళ్ళవద్దని కాదు. వెళ్ళాలి, పిల్లలతోనే వెళ్ళాలి. ఆ ఇల్లు మన ఖర్చుతో కట్టింది. ఐతే వెళ్ళేటప్పుడు కొన్ని పనులు చెయ్యవచ్చు.

ఉపాధ్యాయులు పిల్లల్ని తీసుకుపోయేముందు ప్రశ్నలు చేతికివ్వాలి. ఈ వస్తువు ఎవరిది అన్నది పలకమీదే వుంటుంది. దీన్ని ఎవరు చేశారు, రోజూ ఎవరు తుడిచారు, దీని ఖరీదుకు ఆనాడు ఎన్ని పుట్ల జొన్నలు వచ్చేవి అన్నది పిల్లలు వెతకాలి. పళ్ళెం చూసిన పిల్ల వంటిల్లు ఎక్కడని అడగాలి. బగ్గీ చూసిన పిల్లవాడు గుర్రాలకు గడ్డి ఎక్కడిదని అడగాలి. నిజాముల కొలువులో ఆఫ్రికానుంచి వచ్చిన సిద్దీల అశ్వదళం ఒకటి వుండేదనీ, నగరంలో ఏ.సీ. గార్డ్స్ అన్న పేటపేరు వాళ్ళవల్లనే వచ్చిందనీ చెబితే, రోజూ బస్సు దిగే చోటుకు కూడా చరిత్ర వుందని తెలుసుకుంటారు.

చూడవలసిన ఇళ్ళ జాబితాను కూడా మనం పెంచాలి. చౌమహల్లానుంచి మూసీ దాటి సుల్తాన్‌బజారుకు పోతే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వుంది. తెలుగుకు చదువుల్లో చోటులేని కాలంలో, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో ఆరంభమైన గ్రంథాలయమది. దర్బారు మహల్‌లో ప్రజలు వంగి నిలబడ్డారు, ఈ ఇంట్లో కూర్చొని చదివారు. రెండూ ఒకేరోజు చూసిన పిల్లలకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. సొంతవూళ్ళో గడీ గోడలు మిగిలివుంటే వాటినీ చూపాలి. 

లాడ్‌బజారులో గాజులు కొనకుండా ఏ కుటుంబమూ తిరిగిరాదు. ఆ లక్కగాజులను గాలి ఆడని చిన్న గదుల్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చొని ఒత్తేవాళ్ళు మహల్ నీడలోనే బతుకుతున్నారు. "ఇన్ని దీపాలు ఎవరు వెలిగించేవాళ్ళు" అని అడిగిన పిల్ల తన చేతిగాజును చూసి కూడా ఆ ప్రశ్న వెయ్యగలిగితే, ఆ ఒకపూట విహారం సార్థకం.

విద్యార్థులకు మాత్రం ఒక కష్టమైన పని వుంది. సంస్థానపు రికార్డులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గుట్టలుగా వున్నాయి. అవి ఫారసీ, ఉర్దూ భాషల్లో వున్నాయి. తెలంగాణా చరిత్రను గురించి ఆవేశంగా ఉపన్యసించే మన తెలుగు యువకుల్లో ఆ లిపిని చదవగలవారు ఎందరు? ఉర్దూను పరాయిదని తోసిపుచ్చితే మన తాతల జమాఖర్చుల్ని కూడా తోసిపుచ్చినట్టే. ఆ భాష నేర్చుకోవడం నేడు ఒక రాజకీయ కర్తవ్యం. 

రెండో ఆధారం మనుషుల జ్ఞాపకం. అది కాగితంకన్నా తొందరగా నశిస్తుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ళ నోటనే నమోదు చేసింది. ఐలమ్మ అంతకు ఏడాది ముందే కన్నుమూసింది, మల్లు స్వరాజ్యం 2022లో వెళ్ళిపోయింది. వెట్టి చేసినవాళ్ళు దాదాపు లేరు. వాళ్ళ చేతులమీది కాయలు తడిమిన బిడ్డలు ఇంకా వున్నారు. వాళ్ళనడిగి రాసుకోవడానికి మనకున్న గడువు కొద్ది సంవత్సరాలే. 

చివరగా ఒక కోరిక మనం సభల్లో తీర్మానించి, బహిరంగంగా అడగాలి. ఇలాంటి ప్రతి ఇంట్లోనూ ఒక గది లెక్కలకోసం కేటాయించాలి. ఏ వూరినుంచి ఎంత శిస్తు వచ్చింది, ఇంట్లో ఎందరు పనిచేశారు, వాళ్ళ పేర్లేమిటి, జీతాలెంత, ఎందరికి జీతమే లేదు, ఈ విషయాలు దొరికినంతవరకు తెలుగులో, ఉర్దూలో గోడలమీద రాయించాలి. షాండిలియర్లు అలాగే వుండనివ్వండి, వాటిని దించమని ఎవరూ అడగడం లేదు. వాటి వెలుగు ఆ గదిలోకి కూడా పడాలన్నదే మన కోరిక.